రాడార్‌లో ఎర్ర మచ్చ.. కూసుమంచికి గండమేనా? ఫోన్‌లో కనిపించేది ఎంత, కనిపించనిది ఎంత?

వేసవిలో మధ్యాహ్నం మూడు దాటితే చాలు.. ఖమ్మం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో రంగురంగుల బొమ్మలు తిరగడం మొదలవుతుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ.. మధ్యలో ఎర్ర మచ్చ. పక్కనే కూసుమంచి, నేలకొండపల్లి, తిరుమలాయపాలెం పేర్లు. కింద ఒక బాణం గుర్తు. ఇంకో గంటలో గాలివాన అంటూ ఒక లైన్.

ఒకప్పుడు ఈ బొమ్మలు వాతావరణ కేంద్రంలో కూర్చున్న అధికారులకు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు భారత వాతావరణ శాఖ (ఐఎండీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. దీంతో ఉద్యోగాలు చేసుకుంటూ, చదువుకుంటూ ఖాళీ సమయంలో మేఘాలను వెంటాడే కుర్రాళ్లు తెలుగు రాష్ట్రాల్లో బాగా పెరిగారు. తెలంగాణ వెదర్‌మ్యాన్‌గా పేరు తెచ్చుకున్న బాలాజీ, ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ సాయి ప్రణీత్ లాంటి వాళ్ల పోస్టుల కోసం వానాకాలంలో లక్షల మంది ఎదురు చూస్తుంటారు. సాయి ప్రణీత్ గురించి 2021లో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో కూడా ప్రస్తావించారు.

అంతా బాగానే ఉంది. అయితే కల్లంలో మిర్చి ఆరబోసిన రైతు ఆ స్క్రీన్‌షాట్ చూసి పరదా కప్పాలా, వద్దా? కొనుగోలు కేంద్రంలో ధాన్యం కుప్ప పోసి నాలుగు రోజులుగా కాంటా కోసం ఎదురుచూస్తున్న వాళ్లు దాన్ని ఎంతవరకు నమ్మాలి? అసలు రాడార్ కూసుమంచిలో ఏం చూస్తోంది?

కూసుమంచి ఏ రాడార్ కింద ఉంది?

ముందుగా తెలుసుకోవాల్సిన విషయం.. ఖమ్మం జిల్లాలో వాతావరణ శాఖ రాడార్ లేదు. ఇక్కడి మేఘాలను ప్రధానంగా చూసేవి రెండు. ఒకటి హైదరాబాద్ రాడార్. రెండోది కృష్ణా జిల్లా మచిలీపట్నం రాడార్.

మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే హైదరాబాద్ నుంచి కూసుమంచి సుమారు 160 కిలోమీటర్లు. మచిలీపట్నం నుంచి దాదాపు 170. అంటే రెండింటికీ ఇంచుమించు సమాన దూరం. రెండు వైపుల నుంచీ చూపు ఉంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

రాడార్ వదిలే కిరణం నేలకు ఆనుకుని వెళ్లదు. చెట్లు, భవనాలు అడ్డం రాకుండా కొంచెం పైకి వంచి పంపుతారు. దానికి తోడు భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి కిరణం దూరం వెళ్లేకొద్దీ నేల కిందికి జారిపోతున్నట్టు ఉంటుంది. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం 160 కిలోమీటర్లు వచ్చేసరికి నేల నుంచి దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పైగా టార్చిలైటు వెలుగులాగా విచ్చుకుంటుంది కూడా. ఒక డిగ్రీ వెడల్పు ఉన్న కిరణం కూసుమంచి మీదికి వచ్చేసరికి దాదాపు 2.8 కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది.

తేలిక మాటల్లో చెప్పాలంటే.. హైదరాబాద్ రాడార్‌కు కనిపించేది కూసుమంచి ఊరు కాదు. కూసుమంచికి మూడు కిలోమీటర్ల పైనున్న మేఘం. దాని కింద ఏం జరుగుతోందో, పాలేరు కట్ట మీద గాలి ఎంత వేగంతో కొడుతోందో ఆ బొమ్మలో ఉండదు.

ఎరుపు కనిపించింది.. చినుకు పడలేదు. ఎందుకు?

ఇది చాలామందికి అనుభవమే. ఫోన్‌లో ఊరి మీద ఎర్ర మచ్చ కూర్చుంది. బయట చూస్తే దుమ్ము, గాలి. వాన మాత్రం నాలుగు చినుకులే. వెంటనే 'వెదర్‌మ్యాన్ ఫెయిల్' అని కామెంట్లు పడతాయి.

రాడార్ అబద్ధం చెప్పలేదు. అది చూపించే రంగు వాన మిల్లీమీటర్లు కాదు. మేఘంలోని చినుకులు, మంచు గడ్డలను తాకి తిరిగొచ్చిన తరంగం ఎంత బలంగా ఉందో చెప్పే లెక్క. దాన్ని డీబీజెడ్‌లో కొలుస్తారు. 50 దాటిందంటే లోపల కుండపోత గానీ, వడగళ్లు గానీ ఉండే అవకాశం ఎక్కువ. అయితే అది పైనున్న సంగతి. మార్చి, ఏప్రిల్‌లో నేలకు దగ్గరగా గాలి బాగా పొడిగా ఉంటుంది. పై నుంచి జారిన చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. అలా ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి ఒక్కసారిగా చల్లబడి, బరువెక్కి కిందికి దూకుతుంది. నేలను తాకి నాలుగు వైపులా దూసుకుపోతుంది. రేకులు లేపేది, మామిడి కాయ రాల్చేది, కరెంటు స్తంభాలు కూల్చేది ఈ గాలే.

అందుకే వాన పడలేదని ఊపిరి పీల్చుకునే లోపే గాలి ఒక పూరి పాకనో, తోటనో నాశనం చేసి వెళ్లిపోతుంది. ఎర్ర మచ్చను వాన గుర్తుగా మాత్రమే చూసేవాళ్లు ఈ ప్రమాదాన్ని పట్టించుకోవడం లేదు.

పది నిమిషాల ఆలస్యం.. ఏడు కిలోమీటర్ల తేడా

ఇంకో చిక్కు సమయంతో. రాడార్ ఒక చుట్టు పూర్తి చేసి కొత్త బొమ్మ ఇవ్వడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. అది వెబ్‌సైట్‌లోకి ఎక్కాలి. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీయాలి. గుర్తులు పెట్టి గ్రూపులో వేయాలి. అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు ఫార్వర్డ్ కావాలి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదిలే మేఘం పది నిమిషాల్లో దాదాపు ఏడు కిలోమీటర్లు పోతుంది. అంటే పాలేరు రిజర్వాయర్ మీద కనిపించిన మేఘం, ఆ బొమ్మ చేతికొచ్చేసరికి కూసుమంచి దాటిపోయి ఉండొచ్చు. లేదా మధ్యలోనే చల్లారిపోయి ఉండొచ్చు. వేసవి మేఘం ఒక్కొక్కటి పుట్టి, పెరిగి, కరిగిపోవడానికి గంట లోపే పడుతుంది.

బొమ్మ మీద ఉన్న టైమ్ చూడకుండా ఫార్వర్డ్ చేసే వాళ్లే ఎక్కువ. కొన్ని రాడార్ బొమ్మలపై సమయం యూటీసీలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్ వస్తుంది. ఇది తెలియక 10 గంటల బొమ్మ అనుకుని పొద్దుటిది అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది మధ్యాహ్నం మూడున్నరది.

ఇక విండీ లాంటి యాప్‌ల విషయం. అందులో వాన, గాలి కదులుతున్నట్టు కనిపించే లేయర్లు చాలావరకు కంప్యూటర్ మోడళ్లు వేసిన అంచనాలు. ఇప్పుడు ఆకాశంలో ఉన్న మేఘాన్ని చూసి గీసిన బొమ్మ కాదు. రాడార్ అనేది జరిగినదాన్ని చూపిస్తుంది. మోడల్ జరగబోయేదాన్ని ఊహిస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టేసి 'రాడార్‌లో రేపటి వాన' అని పోస్టు పెడితే అది తప్పు.

తాడ్వాయి అడవిలో ఆ సాయంత్రం

రాడార్ ఎంత చూడగలదు, ఎక్కడ ఆగిపోతుంది అనడానికి ఈ గోదావరి అడవుల్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు నేలకూలాయి. అటవీ శాఖ మొదటి అంచనాల్లోనే ఆ సంఖ్య 50 వేల వరకు ఉంది. డ్రోన్ వీడియోలు బయటికొచ్చాక రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. దశాబ్దాల నాటి మానులు వేళ్లతో సహా పడిపోయి కనిపించాయి. మంత్రి సీతక్క విచారణకు ఆదేశించారు. వాతావరణ శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) సాయంతో కారణం తేల్చాలని అటవీ అధికారులు భావించారు.

సోషల్ మీడియాలో మాత్రం తీర్పు ఆ రోజే వచ్చేసింది. టోర్నడో అని ఒకరు, క్లౌడ్‌బరస్ట్ అని ఇంకొకరు. అమెరికా టోర్నడో వీడియోలు పక్కన పెట్టి పోలికలు చూపించారు.

దూరం లెక్క వేస్తే విషయం అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి మేడారం సుమారు 210 కిలోమీటర్లు. మచిలీపట్నం నుంచి దాదాపు 250. నాగ్‌పూర్ రాడార్ ఇంకా దూరం, 300 దాటుతుంది. అర డిగ్రీ కోణంలో హైదరాబాద్ కిరణం మేడారం చేరేసరికి నేల నుంచి నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. సుడిగాలి వెడల్పు సాధారణంగా కొన్ని పదుల మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్లు. మూడున్నర కిలోమీటర్లు పరుచుకున్న కిరణానికి, అదీ నాలుగు కిలోమీటర్ల పై నుంచి, అంత చిన్న సుడి దొరకదు. మేఘం బలంగా ఉందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది.

అలాంటప్పుడు నిజం ఎలా తెలుస్తుంది? పడిపోయిన చెట్లు చెబుతాయి. మేఘం నుంచి గాలి కిందికి దూకి విచ్చుకుంటే దాన్ని డౌన్‌బరస్ట్ అంటారు. అప్పుడు చెట్లు ఒక చోటు నుంచి బయటికి, విసనకర్ర విప్పినట్టు పడతాయి. సుడిగాలి అయితే సన్నటి దారి పొడవునా లోపలి వైపు తిరిగి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడతాయి. అందుకే ఇలాంటి చోట నిపుణులు ముందుగా చూసేది చెట్టు ఏ దిక్కుకు పడిందని. రాడార్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పట్టుకుని టోర్నడో అని తేల్చేయడం కుదరదు.

మన దగ్గర టోర్నడోలు అసలు రావా అంటే.. దేశానికి అవి కొత్త కాదు. 1998 మార్చి 24న పశ్చిమ బెంగాల్, ఒడిశా సరిహద్దులోని దాంతన్ ప్రాంతాన్ని టోర్నడో ధ్వంసం చేసింది. పక్కనే బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న వచ్చిన టోర్నడోలో సుమారు 1,300 మంది చనిపోయారు. ప్రపంచంలోనే అత్యధిక ప్రాణాలు తీసిన టోర్నడోగా అది రికార్డుల్లో ఉంది. అయితే తెలంగాణలో వేసవిలో ఎక్కువగా నష్టం చేసేది ఈదురుగాలి, పిడుగు, వడగళ్లే.

అదే రాత్రి.. కూసుమంచిలో

తాడ్వాయిలో చెట్లు కూలిన ఆ శనివారం రాత్రే ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలపై ఆకాశం విరుచుకుపడింది. బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరాంధ్రలో కళింగపట్నం దగ్గర తీరం దాటుతున్న సమయం అది. తెల్లారేసరికి, అంటే సెప్టెంబర్ 1 ఆదివారం నాటికి, మున్నేరు ఉగ్రరూపం దాల్చింది.

ఖమ్మం దగ్గర మున్నేరుకు 16 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 24 అడుగుల వద్ద రెండో హెచ్చరిక ఇస్తారు. అంతకుముందు ఏడాది, 2023 జులైలో 30 అడుగులు దాటితేనే అందరూ వణికిపోయారు. ఈసారి నీటిమట్టం సుమారు 36 అడుగులకు వెళ్లింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. చివరికి ఓ జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. కూసుమంచి మండలంలో పాలేరు వరదకు ఓ కుటుంబం ఇల్లు మునిగింది. కొడుకు బయటపడ్డాడు. తల్లిదండ్రులు కొట్టుకుపోయారు. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. సాగర్ ఎడమ కాలువకు గండ్లు పడ్డాయి.

రాడార్ బొమ్మను ఆ రాత్రి తెలిసినవాళ్లు చూసి ఉంటే ఒక విషయం అర్థమయ్యేది. గుర్తు పెట్టుకోవాల్సింది ఎంత ఎర్రగా ఉంది అన్నది కాదు. ఆ రంగు ఎంతసేపు కదలకుండా ఉంది అన్నది. వేసవి మేఘం వచ్చి పోతుంది. వాయుగుండం మేఘాలు మాత్రం రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి ఒకే చోటికి వస్తూనే ఉంటాయి. ఎరుపు లేకపోయినా, పసుపు రంగే ఆరేడు గంటలు అక్కడే ఉంటే అది ఎక్కువ ప్రమాదం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడి రాష్ట్ర రికార్డు నమోదైంది. అంతకుముందు రికార్డు 2013లో వాజేడుది, 51.75 సెంటీమీటర్లు. రెండూ ఈ గోదావరి పట్టీలోవే.

ఇంకా ముఖ్యమైనది.. వరద మన ఊరి వానతో రాదు. ఎగువ వానతో వస్తుంది. ఖమ్మంలో మున్నేరు పొంగాలంటే ఖమ్మంలో వాన పడక్కర్లేదు. మహబూబాబాద్, వరంగల్ వైపు కురిస్తే చాలు. ఆకేరు, మున్నేరు కలిసి కొన్ని గంటల్లో ఇక్కడికి చేరతాయి. పాలేరు సంగతీ అంతే. కానీ ఫోన్‌లో అందరూ చూసేది తమ ఊరి మీద రంగు ఉందా లేదా అనే. కూసుమంచి మీద రంగు తగ్గింది కదా అని పడుకున్నవాళ్లకు, పైన కురిసిన నీళ్లు బయల్దేరిన సంగతి ఆ బొమ్మ చెప్పదు.

మరి ఈ ఔత్సాహికుల వల్ల ఉపయోగం లేదా?

కచ్చితంగా ఉంది. ఐఎండీ హెచ్చరిక జిల్లా మొత్తానికి ఒకే రంగులో వస్తుంది. మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్ట్ కూడా చాలామందికి చేరదు. చేరినా 'అక్కడక్కడ ఉరుములతో కూడిన వర్షం' అనే మాట రైతుకు పెద్దగా అక్కరకు రాదు. వెదర్‌మ్యాన్ మండలం పేరు చెబుతాడు, తెలుగులో చెబుతాడు, కామెంట్‌లో అడిగితే జవాబిస్తాడు. జనం అటు మళ్లడానికి కారణం అదే. ఆ ఖాళీని అధికార యంత్రాంగం వదిలేసింది కాబట్టే వీళ్లు నింపుతున్నారు.

లోటు ఎక్కడంటే.. సమాచారం ఒక వైపే నడుస్తోంది. ఫోన్ నుంచి ఊరికి వస్తోంది. ఊరి నుంచి వెనక్కి వెళ్లడం లేదు.

అమెరికాలో సుమారు 160 వాతావరణ రాడార్లు ఉన్నాయి. అయినా అక్కడి వాతావరణ శాఖ 1970ల నుంచి 'స్కైవార్న్' పేరుతో వాలంటీర్లకు శిక్షణ ఇస్తోంది. వాళ్ల పని రాడార్ బొమ్మలు పంచడం కాదు. రాడార్ కిరణం కింద ఏం జరుగుతోందో కళ్లతో చూసి చెప్పడం. వడగళ్లు గోళీ సైజులో ఉన్నాయా, నిమ్మకాయ సైజులో ఉన్నాయా, చెట్టు కొమ్మ విరిగిందా, మానే పడిపోయిందా.. ఇవి వెంటనే అధికారులకు చేరతాయి. రాడార్‌కు కనిపించని ఆ మూడు కిలోమీటర్లను మనుషులు పూరిస్తారు.

మన దగ్గర అందుకు కావాల్సిన సరంజామా కొంత ఉంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం (టీజీడీపీఎస్) కింద రాష్ట్రవ్యాప్తంగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. నేల మీద నిజంగా ఎంత వాన పడిందో కొలిచేవి ఇవే. రాడార్ బొమ్మ పక్కన ఈ లెక్క కూడా పెట్టి చెప్పే ఔత్సాహికుల పోస్టులు మిగతావాటి కన్నా నమ్మదగ్గవి. ఐఎండీ వెబ్‌సైట్‌లో ప్రజలు తమ ప్రాంత వాతావరణం నమోదు చేసే విభాగం కూడా ఉంది. కానీ దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలుగులో దాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లే ప్రయత్నం జరగాలి.

దేశంలో రాడార్ల కొరత తీర్చేందుకు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ 2,000 కోట్ల రూపాయలతో 'మిషన్ మౌసమ్'కు ఆమోదం తెలిపింది. కొత్త రాడార్లు ఎక్కడ పెట్టాలన్న చర్చలో గోదావరి అడవి పట్టీ ముందు వరుసలో ఉండాలి. రెండేళ్లలో రాష్ట్ర రికార్డు వాన, వేల చెట్లు కూల్చిన గాలి, మున్నేరు చరిత్రలో పెద్ద వరద.. మూడూ చూసిన ప్రాంతం ఇది. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖ, నాగ్‌పూర్ రాడార్లన్నీ ఈ అడవిని దూరం నుంచే చూస్తున్నాయి.

స్క్రీన్‌షాట్ వచ్చింది.. ఇప్పుడేం చేయాలి?

* ముందు బొమ్మ మీద టైమ్ చూడండి. అరగంట దాటితే కొత్తది తెరవండి. యూటీసీ అని ఉంటే ఐదున్నర గంటలు కలపండి.

* ఒక్క బొమ్మను నమ్మొద్దు. వరుసగా మూడు చూస్తే మేఘం ఎటు కదులుతోందో, పెరుగుతోందో, తగ్గుతోందో తెలుస్తుంది.

* వేసవిలో ఎర్ర మచ్చ దగ్గరికి వస్తుంటే వాన కన్నా ముందు గాలి వస్తుందని గుర్తుంచుకోండి. పరదా కప్పడంతో సరిపోదు, అంచుల మీద బరువు పెట్టాలి. చెట్ల కింద, రేకుల షెడ్ల పక్కన నిలబడొద్దు.

* మెరుపు కనిపించాక ఉరుము వినపడటానికి పట్టే సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపు ఉంటే చేనులోంచి బయటికొచ్చి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. పిడుగుల సమాచారానికి పుణెలోని ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ ఉంది.

* వానాకాలంలో మీ ఊరి మీద కాదు, మీ వాగుకు ఎగువన రంగు ఎంతసేపటి నుంచి ఉందో చూడండి. మున్నేరు, ఆకేరు, పాలేరు ఒడ్డున ఉన్నవాళ్లకు ఇదే ముఖ్యం.

* ఇల్లు ఖాళీ చేయమని అధికారులు చెబితే.. రాడార్‌లో ఏమీ కనిపించడం లేదు కదా అని ఆగొద్దు. నీళ్లు రాడార్‌లో కనిపించవు.